విటమిన్ డి: 60 వేల ఐయూ మాత్ర రోజుకొకటా, వారానికొకటా? తేడా వస్తే ఏమవుతుంది?

మోకాళ్ల నొప్పులు, నడుము నొప్పి, నీరసం... ఇలా ఏ కారణంతో డాక్టర్ దగ్గరకు వెళ్లినా మందుల చీటీలో ఈ మధ్య తరచూ కనిపించే పేరు ఒకటుంది. అదే విటమిన్ డి3, 60 వేల ఐయూ. క్యాప్సూల్, నమిలే మాత్ర, పాలలో కలుపుకునే పొడి, చిన్న సీసాలో ద్రవం... ఇలా చాలా రూపాల్లో ఇది దొరుకుతుంది.

ఇది సాధారణంగా వారానికి ఒక్కసారి, కొన్ని వారాలు మాత్రమే వేసుకోవాల్సిన మందు. కానీ మన ఇళ్లలో మాత్ర అంటే రోజూ వేసుకునేదనే అలవాటు ఉంది. బీపీ మాత్ర, షుగర్ మాత్రల డబ్బాలోనే దీన్నీ పెట్టి రోజూ మింగేసేవారు ఉంటారు. 'విటమినే కదా, ఎక్కువైతే ఏమవుతుంది' అని డాక్టర్ చెప్పిన గడువు దాటాక కూడా కొనుక్కుని వాడేవారూ ఉంటారు.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లా కేంద్రం జగదల్‌పూర్‌లో ఉండే తెలుగువారికి ఇందులో మరో చిక్కు ఉంది. పెద్ద వైద్యం కోసం ఇక్కడి నుంచి చాలామంది విశాఖపట్నానికో, హైదరాబాద్‌కో వెళ్తారు. అక్కడ రాసిన చీటీ పట్టుకుని ఇక్కడి దుకాణంలో మందులు కొంటారు. మందు అట్ట మీద ఇంగ్లిష్, దుకాణంలో హిందీ, ఇంట్లో తెలుగు. డాక్టర్ నోటితో చెప్పిన 'వారానికి ఒకటి' అనే మాట ఈ మూడు భాషల మధ్య ఎక్కడైనా జారిపోవచ్చు.

అసలు ఈ విటమిన్ ఎంత కావాలి? ఎంత దాటితే ప్రమాదం? ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

60 వేల ఐయూ అంటే ఎంత?

ఐయూ అంటే ఇంటర్నేషనల్ యూనిట్. విటమిన్ డి విషయంలో 40 ఐయూ కలిస్తే ఒక మైక్రోగ్రాము. అంటే 60 వేల ఐయూ మాత్రలో 1,500 మైక్రోగ్రాముల విటమిన్ ఉంటుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్), భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో భారతీయుల పోషక అవసరాలను సవరించాయి. వాటి ప్రకారం పెద్దలకు రోజుకు 600 ఐయూ (15 మైక్రోగ్రాములు) విటమిన్ డి సరిపోతుంది. పెద్దలు రోజూ తీసుకునే మొత్తం 4,000 ఐయూ దాటకూడదు.

ఈ లెక్కన ఒక్క 60 వేల ఐయూ మాత్ర 100 రోజుల అవసరంతో సమానం.

వారానికి ఒకటి చొప్పున 8 వారాలు వాడితే శరీరంలోకి వెళ్లేది 4 లక్షల 80 వేల ఐయూ. అదే మాత్రను పొరపాటున రోజుకొకటి చొప్పున 8 వారాలు వాడితే 33 లక్షల 60 వేల ఐయూ. చీటీలోని ఒక్క మాట తేడాతో మోతాదు ఏడు రెట్లు పెరుగుతుంది.

ఎక్కువైతే శరీరంలో ఏం జరుగుతుంది?

బి, సి విటమిన్లు నీటిలో కరుగుతాయి. ఎక్కువైన దాన్ని చాలావరకు మూత్రంలో శరీరం వదిలించుకుంటుంది. విటమిన్ డి అలా కాదు. అది కొవ్వులో కరుగుతుంది, కొవ్వులోనే నిల్వ ఉంటుంది. అందుకే మాత్రలు ఆపేసిన తర్వాత కూడా దాని ప్రభావం వారాలు, ఒక్కోసారి నెలల తరబడి ఉంటుంది.

చర్మంలో తయారైనా, నోటి ద్వారా తీసుకున్నా విటమిన్ డి ముందు కాలేయానికి చేరుతుంది. అక్కడ 25-హైడ్రాక్సీ విటమిన్ డిగా మారుతుంది. రక్త పరీక్షలో కొలిచేది దీన్నే. తర్వాత మూత్రపిండాల్లో పనిచేసే రూపంలోకి, అంటే కాల్సిట్రయాల్‌గా మారుతుంది. ఆహారంలోని కాల్షియాన్ని పేగులు పీల్చుకునేలా చేయడం దీని ముఖ్యమైన పని.

విటమిన్ డి మరీ ఎక్కువైతే ఈ పని అదుపు తప్పుతుంది. పేగుల నుంచి, ఎముకల నుంచి కాల్షియం రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. అసలు ప్రమాదం ఈ కాల్షియం వల్లే.

దీని లక్షణాలు ఇలా ఉంటాయి:

- ఆకలి మందగించడం, వికారం, వాంతులు, మలబద్ధకం
- విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం రావడం
- కండరాల బలహీనత, నీరసం
- తికమక పడటం, మగతగా ఉండటం
- కిడ్నీలో రాళ్లు, కిడ్నీల పనితీరు దెబ్బతినడం
- గుండె లయ తప్పడం

ఇందులోని నీరసం, బలహీనత చూసి 'విటమిన్ ఇంకా తక్కువగా ఉందేమో' అనుకుని మరిన్ని మాత్రలు వేసుకునే ప్రమాదం ఉంది. దాహం, ఎక్కువసార్లు మూత్రం రావడం చూసి షుగర్ అనుకోవచ్చు. అందుకే ఏ జబ్బుతో డాక్టర్ దగ్గరకు వెళ్లినా, వాడుతున్న విటమిన్ మాత్రల సంగతి కూడా చెప్పాలి.

ఇది కేవలం పుస్తకాల్లో ఉండే ప్రమాదం కాదు. కశ్మీర్‌లో విటమిన్ డి లోపం చాలా ఎక్కువ. అక్కడ ఇంజెక్షన్లు, మాత్రలు మితిమీరి వాడి ఆస్పత్రి పాలైన పదిమంది వివరాలను శ్రీనగర్ వైద్యులు 2011లో ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. వాళ్లలో అతి తక్కువగా తీసుకున్నవారి శరీరంలోకి కూడా 1-4 నెలల్లో 36 లక్షల ఐయూ వెళ్లింది. పైన వేసిన 'రోజుకొకటి' లెక్క దీనికి ఎంత దగ్గరగా ఉందో గమనించండి.

మరోవైపు, వైద్యులు చెప్పినట్లు వారానికొకటి చొప్పున నిర్ణీత కాలం వాడినవారిలో ఇలాంటి విష ప్రభావం అరుదు. లోపం ఉన్నవారు భయపడి మందు మానేయాల్సిన అవసరం లేదు.

ఎండ ఇంత ఉన్నా లోపం ఎందుకు?

తిరుపతిలోని పరిశోధకులు ఆంధ్రప్రదేశ్‌లోని పట్టణ, గ్రామీణ ప్రాంతాల ఆరోగ్యవంతులను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. గ్రామీణ పురుషుల్లో 44 శాతం, పట్టణ పురుషుల్లో 62 శాతం మందికి విటమిన్ డి 20 నానోగ్రాముల కన్నా తక్కువగా ఉంది. గ్రామీణ మహిళల్లో ఇది 70 శాతం, పట్టణ మహిళల్లో 75 శాతం. ఆహారంలో కాల్షియం తక్కువగా ఉన్నట్లు, దాన్ని ఒంటపట్టనివ్వని ఫైటేట్ ఎక్కువగా ఉన్నట్లు కూడా ఆ అధ్యయనం గుర్తించింది.

చర్మంలో విటమిన్ డి తయారు కావాలంటే సూర్యకాంతిలోని అతినీలలోహిత-బి కిరణాలు తగలాలి. తిరుపతిలో జరిగిన మరో అధ్యయనం ప్రకారం ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల మధ్య ఎండలోనే ఈ తయారీ బాగా జరుగుతుంది. జగదల్‌పూర్ తిరుపతి కన్నా ఉత్తరంగా, సుమారు 19 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. కాబట్టి ఉదయం ఏడింటి లేత ఎండ హాయిగా ఉంటుందే కానీ, విటమిన్ డి కోసం దాన్ని నమ్ముకోవడం కష్టం.

ఒక సులువైన గుర్తు ఉంది. మీ నీడ మీ ఎత్తు కన్నా పొట్టిగా ఉన్నప్పుడే ఈ కిరణాలు తగినంతగా అందుతున్నట్లు. అలాగని మే నెల మిట్టమధ్యాహ్నం గంటల తరబడి నిలబడితే వడదెబ్బ తగులుతుంది. చేతులు, కాళ్లకు కొద్ది నిమిషాల ఎండ తగిలేలా వారంలో కొన్నిసార్లు చూసుకుంటే మంచిది. రంగు ఎక్కువగా ఉన్న చర్మానికి ఇంకొంచెం ఎక్కువ సమయం కావాలి. కిటికీ అద్దం వెనుక కూర్చుంటే ఉపయోగం లేదు, ఎందుకంటే గాజు ఈ కిరణాలను ఆపేస్తుంది. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు బస్తర్‌లో ముసురు పట్టినప్పుడు కూడా ఇవి తగ్గుతాయి.

ఎండ వల్ల విటమిన్ డి విషపూరితం కాదు. ఎక్కువైనప్పుడు చర్మమే దాన్ని విచ్ఛిన్నం చేసేస్తుంది. మోతాదు మించే ప్రమాదం మాత్రలు, ఇంజెక్షన్లు, చుక్కల మందులతోనే.

పరీక్ష ఎవరికి అవసరం? ఆ అంకెను ఎలా చదవాలి?

'ఫుల్ బాడీ చెకప్' ప్యాకేజీల్లో విటమిన్ డి పరీక్ష ఉండటం మామూలైంది. చాలా ల్యాబులు 30 నానోగ్రాముల కన్నా తక్కువ ఉంటే 'తక్కువ' అని ముద్రిస్తాయి. 22 వచ్చినవాళ్లు కూడా కంగారుపడి మందులు మొదలుపెట్టేస్తారు.

కానీ మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు ఉంటే దాదాపు అందరి ఎముకల ఆరోగ్యానికి సరిపోతుందని అమెరికాకు చెందిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అంటోంది. 12 కన్నా తగ్గితే లోపం ముప్పు ఉన్నట్లు. 30 ఉండాలని 2011లో చెప్పిన అమెరికా ఎండోక్రైన్ సొసైటీ కూడా 2024 మార్గదర్శకాల్లో ఆ గీతను వదిలేసింది. ఏ ఇబ్బందీ లేని ఆరోగ్యవంతులకు ఈ పరీక్ష మామూలుగా చేయనక్కర్లేదని, 50 ఏళ్ల లోపు ఆరోగ్యవంతులు రోజువారీ అవసరాన్ని మించి తీసుకోనక్కర్లేదని చెప్పింది.

150 నానోగ్రాములు దాటితే విష ప్రభావం ఉండొచ్చని భావిస్తారు.

విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లి పరీక్ష చేయించుకున్నవారు ఒక సంగతి గమనించాలి. చాలా దేశాల్లో ఫలితాన్ని నానోమోల్స్‌లో ఇస్తారు. అక్కడి 50 ఇక్కడి 20తో సమానం. రెండున్నరతో భాగిస్తే మన లెక్క వస్తుంది.

ఎముకల నొప్పులు, కండరాల బలహీనత, చిన్న దెబ్బకే ఎముక విరగడం, పిల్లల్లో కాళ్లు వంకర తిరగడం, దీర్ఘకాలిక కాలేయ, కిడ్నీ, పేగు జబ్బులు ఉన్నవారికి మాత్రం డాక్టర్లు పరీక్ష రాస్తారు. చికిత్స తర్వాత మళ్లీ పరీక్ష అవసరమైతే సాధారణంగా మూడు నెలలు ఆగి చేస్తారు. నెలనెలా చేయించుకుంటే డబ్బు దండగే.

పసిపిల్లల విషయంలో చిన్న సీసాతో పెద్ద ప్రమాదం

ఏడాది లోపు పిల్లలకు రోజుకు 400 ఐయూ ఇవ్వాలని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచిస్తోంది. తల్లిపాలలో విటమిన్ డి చాలా తక్కువగా ఉండటమే దీనికి కారణం. పిల్లల చుక్కల మందుల్లో మిల్లీలీటరుకు 400 ఐయూ ఉన్నవీ, 800 ఐయూ ఉన్నవీ దొరుకుతాయి.

పెద్దల కోసం 5 మిల్లీలీటర్ల చిన్న సీసాలో 60 వేల ఐయూ ఉండే ద్రవం కూడా అమ్ముతారు. అంటే అందులో ఒక్క మిల్లీలీటరులోనే 12 వేల ఐయూ ఉంటుంది. పసిబిడ్డకు అది నెల రోజుల మోతాదు. సీసా మొత్తం పోస్తే 150 రోజుల మోతాదు ఒక్కసారే వెళ్లినట్లు. రెండు సీసాలూ చిన్నవే, చూడటానికి ఒకేలా ఉండొచ్చు.

అందుకే పిల్లల మందు కొనేటప్పుడు మూడు విషయాలు చూడండి. మిల్లీలీటరుకు ఎన్ని ఐయూ? డాక్టర్ ఎన్ని మిల్లీలీటర్లు రాశారు? సీసాతో వచ్చిన డ్రాపర్‌నే వాడుతున్నామా? కంపెనీ మారితే మోతాదు కూడా మారవచ్చు. చెంచాతో కొలవడం, 'సుమారుగా' పోయడం వద్దు.

పిల్లలకు దాటకూడని రోజువారీ పరిమితిని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇలా నిర్ణయించింది:

- 6 నెలల లోపు: 1,000 ఐయూ
- 6 నుంచి 12 నెలలు: 1,500 ఐయూ
- 1 నుంచి 3 ఏళ్లు: 2,500 ఐయూ
- 4 నుంచి 8 ఏళ్లు: 3,000 ఐయూ
- 9 ఏళ్లు దాటితే: పెద్దల్లాగే 4,000 ఐయూ

రికెట్స్ ఉన్న పిల్లలకు డాక్టర్లు ఇంతకన్నా ఎక్కువ ఇవ్వవచ్చు. అది పర్యవేక్షణలో, నిర్ణీత కాలానికి జరిగే చికిత్స. ఇంట్లో సొంతంగా చేసేది కాదు.

గర్భిణులు ఏం చూసుకోవాలి?

ప్రభుత్వ కార్యక్రమం కింద గర్భిణులకు నాలుగో నెల నుంచి కాన్పు వరకు, ఆ తర్వాత ఆరు నెలలు కాల్షియం మాత్రలు ఇస్తారు. రోజుకు రెండు. ఒక్కోదానిలో 500 మిల్లీగ్రాముల కాల్షియంతో పాటు 250 ఐయూ విటమిన్ డి3 కూడా ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఆశా కార్యకర్తల పని చేసే మితానిన్‌లు ఈ మాత్రల గురించి వివరిస్తారు.

అంటే ఈ మాత్రలు సక్రమంగా వేసుకుంటే రోజుకు 500 ఐయూ విటమిన్ డి అందుతున్నట్లే. దీనికి తోడు 60 వేల ఐయూ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి. ఐరన్ మాత్రను, కాల్షియం మాత్రను ఒకేసారి వేసుకోకుండా కనీసం రెండు గంటల తేడా ఉండేలా చూసుకోవాలి.

ఎవరు మరింత జాగ్రత్తగా ఉండాలి?

కిడ్నీ రోగులు: శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, ఛత్తీస్‌గఢ్ గరియాబంద్ జిల్లాలోని సుపేబేడా గ్రామం కిడ్నీ జబ్బులతో వార్తల్లోకి ఎక్కిన ప్రాంతాలు. కిడ్నీలు దెబ్బతిన్నవారికి డాక్టర్లు ఒక్కోసారి కాల్సిట్రయాల్ రాస్తారు. ఇది నేరుగా పనిచేసే రూపం కాబట్టి చాలా తక్కువ మోతాదు సరిపోతుంది. కాల్సిట్రయాల్, విటమిన్ డి3 ఒకటే అనుకుని ఒకదానికి బదులు ఇంకొకటి కొనకూడదు. కిడ్నీలో రాళ్లు వచ్చినవారు కూడా డాక్టర్‌కు ఆ సంగతి చెప్పాలి.

టీబీ రోగులు: టీబీలోనూ, సార్కాయిడోసిస్ అనే జబ్బులోనూ వ్యాధి సోకిన కణాలే విటమిన్ డిని చురుకైన రూపంలోకి మార్చగలవు. అందువల్ల కాల్షియం పెరిగే అవకాశం ఉంది. మరోవైపు టీబీ మందు రిఫాంపిసిన్ విటమిన్ డిని త్వరగా ఖర్చు చేసేస్తుంది. కాబట్టి టీబీ చికిత్స చేస్తున్న డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టకూడదు.

సికిల్ సెల్ ఉన్నవారు: ఛత్తీస్‌గఢ్‌లోని ఆదివాసీ ప్రాంతాల్లో ఈ జబ్బు ఎక్కువ. ఈ రోగుల్లో విటమిన్ డి లోపం తరచుగా కనిపిస్తుంది. కానీ వాళ్లకు వచ్చే తీవ్రమైన ఎముకల నొప్పి రక్తనాళాలు మూసుకుపోవడం వల్ల కావచ్చు. దాన్ని విటమిన్ లోపం అనుకుని మాత్ర వేసుకుని ఇంట్లో ఉండిపోతే ప్రాణం మీదికి రావచ్చు.

కొన్ని మందులు వాడేవారు: బీపీకి వాడే క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయాజైడ్ వంటివి మూత్రంలో కాల్షియం పోకుండా ఆపుతాయి. వీటికి ఎక్కువ విటమిన్ డి తోడైతే రక్తంలో కాల్షియం పెరగవచ్చు. గుండెకు డిగాక్సిన్ వాడేవారిలో కాల్షియం పెరిగితే గుండె లయ తప్పే ముప్పు ఉంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్, దీర్ఘకాలం వాడే స్టెరాయిడ్లు విటమిన్ డి ప్రభావాన్ని తగ్గిస్తాయి. వీరికి మోతాదును డాక్టరే నిర్ణయించాలి.

వృద్ధులు: 'ఏడాదికి ఒక్కసారి పెద్ద డోసు వేస్తే పోతుంది కదా' అనే ఆలోచనను ఆస్ట్రేలియాలో 70 ఏళ్లు దాటిన మహిళల మీద పరీక్షించారు. ఏడాదికోసారి 5 లక్షల ఐయూ తీసుకున్నవారిలో పడిపోవడం, ఎముకలు విరగడం తగ్గకపోగా పెరిగాయని 2010లో తేలింది. మన దగ్గర 3 లక్షలు, 6 లక్షల ఐయూ ఇంజెక్షన్లు దొరుకుతాయి. వారపు సంతల్లోనో, ఊళ్లలోనో అర్హత లేనివారు 'బలం సూది' అని వేసేది ఏమిటో తెలియకుండా వేయించుకోవద్దు.

లోపం లేనివారు వేసుకుంటే అదనపు లాభం ఉందా?

అమెరికాలో 25,871 మందిపై ఐదేళ్లకు పైగా జరిగిన 'వైటల్' అధ్యయనంలో కొందరికి రోజుకు 2,000 ఐయూ ఇచ్చారు. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారితో పోలిస్తే వాళ్లలో క్యాన్సర్లు కానీ, గుండెపోటు వంటివి కానీ తగ్గలేదు. ఎముకలు విరగడం కూడా తగ్గలేదని 2022లో తేలింది. విటమిన్ డి లోపాన్ని సరిచేసే మందే కానీ, సర్వరోగ నివారిణి కాదు.

బస్తర్ తిండిలో ఏముంది?

విటమిన్ డి పని చేయాలంటే కాల్షియం కావాలి. బస్తర్‌లో రోజూ తాగే మండియా పేజ్, అంటే మన రాగి అంబలి, కాల్షియానికి మంచి ఆధారం. వంద గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పెద్దలకు రోజుకు కావాల్సింది 1,000 మిల్లీగ్రాములు.

చేపలు, గుడ్డు పచ్చసొన కొంత విటమిన్ డిని ఇస్తాయి. ఎండ తగిలిన పుట్టగొడుగుల్లో డి2 రూపంలో ఉంటుంది. మామూలు పాలలో ఇది చాలా తక్కువ. విటమిన్ కలిపిన పాలు, నూనెల ప్యాకెట్ల మీద '+ఎఫ్' గుర్తు ఉంటుంది.

మాత్ర వేసుకునే ముందు ఈ ఆరు పనులు చేయండి

1. చీటీ మీద రోజుకా, వారానికా, నెలకా అన్నది డాక్టర్ దగ్గరే తెలుగులో రాయించుకోండి. ఎన్ని వారాలో కూడా రాయించండి. జగదల్‌పూర్ దుకాణంలో అయితే 'రోజ్ ఏక్, యా హఫ్తే మే ఏక్?' అని అడిగి, అట్ట మీద రాయించుకోండి.

2. వారానికి ఒకటైతే ఒక వారాన్ని ఎంచుకోండి. ఆదివారమో, సంత రోజో ఏదైనా సరే. వేసుకున్నాక క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. ఈ మాత్రలను రోజువారీ మందుల డబ్బాలో పెట్టవద్దు.

3. మీరు వాడే కాల్షియం మాత్ర, మల్టీవిటమిన్, ప్రోటీన్ పొడి... అన్నింటి మీదా ఉన్న ఐయూలను కూడండి. విటమిన్ డి3కి మరో పేరు కోలేకాల్సిఫెరాల్. రెండు కంపెనీల పేర్లతో ఒకే మందు రెండుసార్లు వేసుకుంటున్నారేమో చూసుకోండి.

4. కొద్దిగా నూనె, నెయ్యి లేదా పాలు ఉన్న భోజనం తర్వాత వేసుకోండి. కొవ్వుతో కలిస్తే బాగా ఒంటపడుతుంది.

5. ఒక వారం మరిచిపోతే గుర్తొచ్చిన రోజు ఒకటే వేసుకోండి. రెండు కలిపి వద్దు.

6. డాక్టర్ చెప్పిన వారాలు పూర్తయ్యాక ఆపేయండి. పాత చీటీతో మళ్లీ కొనకండి, పక్కింటివారికి ఇవ్వకండి. మాత్రలను పిల్లలకు అందకుండా పెట్టండి.

పొరపాటు జరిగిపోతే?

వారానికొకటి వేసుకోవాల్సింది రెండు మూడు రోజులు వరుసగా వేసుకున్నారని గమనిస్తే కంగారు పడొద్దు. వెంటనే ఆపేసి, డాక్టర్‌కు చెప్పండి. కాల్షియం మాత్రలు కూడా అడిగాకే కొనసాగించండి.

చాలా రోజులు అలా వాడినా, పసిబిడ్డకు పెద్దల మందు పోసినా, వాంతులు, విపరీతమైన దాహం, మగత కనిపించినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి. రక్తంలో కాల్షియం, క్రియాటినిన్ పరీక్షలు చేయాలి. జగదల్‌పూర్‌లో మహారాణి ఆస్పత్రి, డిమ్రాపాల్‌లోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉన్నాయి. రైలెక్కి విశాఖ వెళ్లేవరకు ఆగాల్సిన పని లేదు. సెలైన్ ఎక్కించడం, కాల్షియాన్ని తగ్గించే మందులు ఇవ్వడం ద్వారా చికిత్స చేస్తారు. వెళ్లేటప్పుడు ఖాళీ అట్టలు, సీసాలు కూడా తీసుకెళ్లండి. ఎన్ని లక్షల ఐయూ వెళ్లిందో డాక్టర్ లెక్క వేయడానికి అవే ఆధారం.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మీ ఆరోగ్య పరిస్థితికి తగిన మోతాదును డాక్టర్ మాత్రమే నిర్ణయించగలరు.)